ఒక్క డాలర్ క్యాచర్

మార్చి చివరి ఆదివారం డిపో వెనక గదిలో వేలంపాట.
ఎరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది.
లోపల పదిమంది సిటీ బస్సు డ్రైవర్లం,
దగ్గుతూ దగ్గుతూ కాలే ఒక హీటరు,
తలకి రెండువందల అరవై ఉత్తుత్తి డాలర్లు.

నలభై ఏడు పోసి డెస్మండ్ ఆర్చిబెక్‌ని కొన్నాను.
నిరుడు నలభై ఒక్క హోమ్ రన్‌లు కొట్టిన చేతులు.
లోర్నా కెచప్ సీసాతో బల్ల మీద మూడుసార్లు కొట్టి
"నీవాడే" అంది.
ఆ రాత్రి నేను రాణీని.

పాట ముగిసేసరికి
చేతిలో ఒక డాలరూ, జట్టులో ఒక ఖాళీ మిగిలాయి.
ఎవరూ పేరెత్తని అన్సెల్మో కిరోగా.
క్యాచర్. ముప్పై ఎనిమిదేళ్ళు.
రెండు మోకాళ్ళకీ కత్తి పడింది.
ఎవరో నవ్వారు. నేనే అనుకుంటా.

ఇవాళ ఏప్రిల్ పదిహేడు.
ఆర్చిబెక్ అరవై ఒక్కసార్లు బ్యాటు పట్టాడు.
ఏడు హిట్లు.
హోమ్ రన్‌ల గడిలో సున్నా
కోడిగుడ్డులా గుండ్రంగా కూర్చుంది.
బంతి దాటిపోయాక ఊపుతాడు,
బస్సు కదిలాక స్టాపులో చెయ్యెత్తేవాడిలా.

కిరోగా ఆరు కొట్టాడు.
ఆరు!
ఒకటైతే వానలో,
మోకాళ్ళు నొప్పెట్టకుండా మెట్లు దిగే మనిషిలా
బేస్‌లన్నీ మెల్లగా చుట్టొచ్చాడు.

"అమ్మెయ్, బెర్నడీన్" అంటాడు జిగ్మంట్,
టిఫిన్ డబ్బా మీద గ్రాఫులు పరిచి.
"సగటు అప్పులవాడిలాంటిది,
ఆలస్యమైనా గుమ్మంలోకి వస్తుంది.
వీడు పడతాడు, నీవాడు లేస్తాడు. ఇంకా ఏప్రిలే."
అంత తెలిసిన జిగ్మంట్ పిచ్చరు
రెండో ఆటకే మోచెయ్యి పట్టుకుని వెళ్ళాడు,
మళ్ళీ వచ్చే ఏడే.
దాని గురించి మాట్లాడ్డు.
కాఫీలో చక్కెర మాత్రం రెండింతలైంది.

పట్టికలో పైనున్నది ఎవరనుకున్నారు?
లోర్నా.
పలకడానికి బాగున్న పేర్లే కొన్నది.
బంతి ఏ వైపు తిరుగుతుందో ఇప్పటికీ తెలీదు,
"షార్ట్‌స్టాప్ అంటే మన పద్దెనిమిదో వీధి స్టాపు లాంటిదా?" అని అడిగింది మొన్న.
చదివినవాడి కంటే చాకలి మేలంటారే, అలా ఉంది మా సంగతి.

నిన్న విసిగిపోయి
ఆర్చిబెక్‌ని బెంచి మీద కూర్చోబెట్టాను.
ఆఖరి ట్రిప్పు ముగించి, ఖాళీ బస్సులో
దీపాలార్పి రేడియో పెట్టాను.
రెండో ఇన్నింగ్స్‌లో ఒకటి కొట్టాడు, గోడ దాటి.
ఏడో ఇన్నింగ్స్‌లో ఇంకొకటి, పార్కింగ్ దాకా.
బెంచి మీదవాడు కొట్టినవి లెక్కలోకి రావు.
మా లీగు రూలది. రాసింది కూడా నేనే.

అరవాలో ఏడవాలో తెలీక
హారన్ కొట్టాను.
షెడ్డంతా మోగింది. కాపలా కుక్క లేచి, నన్ను చూసి,
మళ్ళీ పడుకుంది.

కిరోగాని అమ్మలేదు.
ఎందుకని జిగ్మంట్ అడిగితే లెక్క చెప్పలేకపోయాను.
నాకూ జూన్‌లో మోకాలి ఆపరేషన్ ఉంది,
అయినా కారణం అది కాదన్నాను.
అదేనేమో.

పొద్దున ఐదూ నలభై. ఇరవై ఆరో వీధి.
స్టాపు దాటి సగం మలుపు తిరిగాక అద్దంలో ఒకామె,
ఒక చేతిలో బూటు, ఇంకో చెయ్యి గాల్లో.
ఆపకూడని చోట ఆపాను.
ఎక్కింది. కార్డు గీసింది.
థాంక్స్ కూడా చెప్పకుండా వెనక సీట్లోకి పోయి
బూటు తొడుక్కుంది.

కిరోగా ఈ వారం పదకొండుకి సున్నా.
అద్దం మీద మళ్ళీ మంచు. వైపర్లు వేశాను.
ఇంకా ఏప్రిలే.